సైకిలు లెక్కకు రావలెను

మన పత్రికలో నూలు ధర, కూలి రేటు, రిబేటు బాకీ, ఇట్టి విషయములే సాధారణముగా వచ్చుచుండును. ఈ సంచికలో మేము రోడ్డును గురించి వ్రాయదలచితిమి. రోడ్డు సంగతి మనకెందుకని కొందరు సభ్యులు అనుకొనవచ్చును. నూలు గోదాము నుండి మగ్గము వద్దకు ఎగిరి రాదు. నేసిన బట్ట తనంతట తాను సంఘమునకు నడచి రాదు. రెండును రోడ్డు మీదనే రావలెను. ఆ రోడ్డు మీద మనవారు ప్రాణములు అరచేత పట్టుకొని పోవుచున్నారు గనుక ఈ నాలుగు మాటలు వ్రాయక తప్పలేదు.

చెన్నై నుండి తిరువళ్ళూరునకు పోవు పెద్ద రోడ్డు మీద, ఆవడి దాటిన పిదప పట్టాభిరామ్ వద్ద ఉదయము ఏడు గంటలకు ఎవరైనను ఒక పావుగంట నిలబడి చూడవచ్చును. లారీలు, బస్సులు, కార్లు, మోటారు సైకిళ్ళు ఒకదాని వెనుక నొకటి పోవుచుండును. వాటికి ఎడమ ప్రక్కన, తారు ముగిసి మట్టి మొదలగు చోట, సైకిళ్ళు పోవుచుండును. ఒకని క్యారియరు మీద నూలు మూట, ఒకని హ్యాండిలుకు అన్నపు క్యారియరు, ఒక పిల్ల వీపున బడి సంచి. తారు అంచునకు మట్టికి నడుమ నాలుగు వ్రేళ్ళ మెట్టు ఉండును. కారులో పోవువానికి అది కంటికి కూడ కనబడదు. బరువు వేసుకొన్న సైకిలునకు అది గోడ వంటిది. వెనుక లారీ హారను కొట్టినప్పుడు దిగినచో చక్రము జారును, దిగకున్నచో లారీ ఆగదు. మూటతో పోవు సైకిలు ఖాళీ సైకిలు వలె చటుక్కున ప్రక్కకు తిరుగజాలదు. ఈ సంగతి మోసినవారికి తెలియును, రోడ్డు గీసినవారికి తెలిసినట్లు లేదు.

నేత పని ఇంటిలో కూర్చుండి చేయు పని యని లోకము అనుకొనును. మన ఆడవారికి, పిల్లలకు తెలిసిన సంగతి వేరు. సంఘములో తూచి ఇచ్చిన నూలు చిలపలు రంగు వేయువాని వద్దకు పోవలెను. అచ్చటి నుండి ఆసు పోయువారి యింటికి, అచ్చటి నుండి పడుగుగా మగ్గము వద్దకు, కండెలు చుట్టువారికి వేరుగా పేక నూలు. బట్ట దిగిన పిదప మడత పెట్టి తిరిగి సంఘమునకు. ఒక్క పడుగు పూర్తియగు లోపల ఇన్ని రాకపోకలు. తిరుత్తణి, పళ్ళిపట్టు, రామకృష్ణరాజుపేట, పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పము ప్రాంతములలో ఈ రాకపోకలు ఊరికి ఊరికి నడుమ జరుగుచుండును. అచ్చట మరమగ్గములు ఎక్కువైనను నూలు, పడుగు, బట్ట ఇటునటు పోవలసినదే. పెద్ద వ్యాపారికి టెంపో ఉండును. మగ్గము మీద బ్రదుకువానికి సైకిలే బండి.

ఇక పట్టాభిరామ్, ఆవడి ప్రక్కల స్థిరపడిన మన కుటుంబములలో ఒకరు మగ్గము మీద, ఇద్దరు కంపెనీలలో అన్నట్లున్నది. మగ్గపు రాబడి చాలక బిడ్డలను బయటి పనికి పంపినవారిని మనము నిందింపరాదు. 2019–20 నాటి అఖిల భారత చేనేత గణన ప్రకారము దేశములోని 31 లక్షలకు పైబడిన చేనేత కుటుంబములలో నూటికి 66 కుటుంబముల నెల రాబడి 5,000 రూపాయలకు లోపే. ఈ రాబడిలో మోటారు బండి వాయిదా, పెట్రోలు, మరమ్మతు, భీమా ఎట్లు వెళ్ళును? సైకిలు మీద పోవుట వీరికి సరదా కాదు, వ్యాయామము కాదు. వేరు దారి లేక పోవుచున్నారు. అట్టివానికి రోడ్డు మీద చోటు లేకుండ చేయుట వాని కూలిలో కోత కోయుటతో సమానమని మా అభిప్రాయము.

ఈ దారికే ఒక చరిత్ర గలదు. మన దేశములో పేరొందిన సైకిలు కంపెనీలలో ఒకటి, టి.ఐ. సైకిల్స్, 1949లో ఈ దారిలోని అంబత్తూరులోనే స్థాపింపబడినది. మురుగప్ప కుటుంబమువారును, ఇంగ్లండులోని ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ కంపెనీయు కలసి దానిని నెలకొల్పిరి. హెర్క్యులిస్, ఫిలిప్స్, బి.ఎస్.ఎ. అను పేర్లు మన తాతల నోట నానినవి. 1961లో ఆవడిలో భారీ వాహనముల ఫ్యాక్టరీ, సైనికుల దుస్తులు కుట్టు ఫ్యాక్టరీ వచ్చినవి. పిదప అంబత్తూరు పారిశ్రామిక వాడ వచ్చినది. ఆ రోజులలో షిఫ్టు విడువగానే గేట్ల వద్ద రోడ్డు నిండ సైకిళ్ళే యుండెడివని పెద్దలు చెప్పుదురు. లారీవాడే సైకిళ్ళ కొరకు ఆగెడివాడట. సైకిళ్ళు పుట్టిన దారిలోనే నేడు సైకిలునకు దారి లేదు.

ఆ కాలమున సైకిలునకు పన్ను ఉండెడిది. స్థానిక సంస్థకు ఏటేటా రుసుము కట్టి చిన్న బిళ్ళ తెచ్చుకొని హ్యాండిలు క్రింద బిగింపవలెను. రాత్రి దీపము లేకున్నను, ఇద్దరు ఎక్కినను పోలీసువారు పట్టుకొనెడివారు. గాలి తీసివేయుటయు కద్దు. పన్ను పోయినందుకు మేము సంతోషించుచున్నాము. కాని ఒక్క మాట. పన్ను వేసిన దినములలో సైకిళ్ళు ఎన్ని అను లెక్క ఒక పుస్తకములో ఉండెడిది. పన్ను పోయిన తరువాత సైకిలు ప్రభుత్వ పుస్తకముల నుండియే పోయినది. నేడు ఒక జిల్లాలో ఎన్ని మోటారు వాహనములున్నవో రిజిస్ట్రేషను వలన చెప్పగలరు. సైకిళ్ళు ఎన్నియో పది సంవత్సరములకొక తూరి జనాభా లెక్కలవారు ఇంటింట అడిగిననాడే తెలియును. 2011 లెక్కలలో దేశమున నూటికి 44.8 ఇండ్లలో సైకిలు ఉన్నట్లును, మోటారు ద్విచక్ర వాహనము నూటికి 21 ఇండ్లలోనే ఉన్నట్లును తేలినది. ఆ తరువాత మోటారు బండ్లు బాగుగా పెరిగినవనుట నిజమే. అయినను సగమునకు దగ్గరగా ఇండ్లలో ఉన్న వాహనమును లెక్కలో లేనట్లు చూచుట ఏమి న్యాయము?

పన్ను మాట వచ్చినది గనుక మరియొకటి. 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు సైకిలు మీద నూటికి 12 వంతున పన్ను వేసిరి. 2019 ఆగస్టులో విద్యుత్తు కార్ల మీద దానిని 5కు తగ్గించిరి. అనగా ఆరు సంవత్సరములు లక్షల రూపాయల కారు కొన్నవాడు నూటికి 5, నేతగాని సైకిలు కొన్నవాడు నూటికి 12 చెల్లించినారు. 2025 సెప్టెంబరు 22 నుండి సైకిలు మీద కూడ 5 చేసినారు. మంచిదే. ఆలస్యముగ నైనను జరిగినది. కాని సైకిలు చవుక చేసినంత మాత్రమున దానిని నడుపుటకు చోటు రాదు కదా.

ఇప్పుడే ఈ సంగతి ఎందుకు ఎత్తవలసి వచ్చినదో చెప్పెదము. మన ప్రాంతము చూచుచుండగనే మారిపోవుచున్నది. వండలూరు నుండి మీంజూరు వరకు వేసిన 62 కిలోమీటర్ల వెలుపలి వలయ రహదారి నెమిలిచ్చేరి వద్ద మన రోడ్డును కలియుచున్నది. దాని మొదటి భాగము 2014లోను, రెండవ భాగము 2021లోను తెరచిరి. 2024 నవంబరులో పట్టాభిరామ్‌లో టైడల్ పార్కు తెరచిరి. కోయంబేడు నుండి ఆవడి మీదుగా పట్టాభిరామ్ దాకా సుమారు 21.76 కిలోమీటర్ల మెట్రో రైలు మార్గమునకు 2025లో సమగ్ర నివేదిక సిద్ధపరచిరి. 2022లో చెన్నై మహానగర ప్రణాళికా ప్రాంతమును 5,904 చదరపు కిలోమీటర్లకు పెంచగా తిరువళ్ళూరు, అరక్కోణము ప్రక్కల పల్లెలు కూడ అందులో చేరినవి. 2026 నుండి 2046 వరకు, ఇరువది సంవత్సరములకు, బృహత్ ప్రణాళిక అని పేరు పెట్టినారు. ఇరువది సంవత్సరములనగా నేటి బడిపిల్ల తన బిడ్డను బడికి పంపు కాలము. ఇవి యన్నియు కాగితము మీద గీతలుగా ఉన్నప్పుడే మనము అడుగవలెను. సిమెంటు పోసిన తరువాత అడిగినచో చోటు లేదందురు. ఆ జవాబు మనము మునుపే వినియున్నాము.

ప్రభుత్వమువారికి తెలియని విషయము కాదు ఇది. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానములోనే రోడ్డు బండ్లకు కాదు, మనుష్యులకు అను భావము వ్రాసియున్నారు. 2014లో చెన్నై నగరపాలక సంస్థ నడచువారికి, సైకిలువారికి ప్రత్యేకముగా ఒక విధానమును అంగీకరించినది. రవాణాకు కేటాయించు సొమ్ములో కనీసము నూటికి 60 వంతులు వీరి సౌకర్యములకే ఖర్చు చేయవలెనని, రోడ్డు మీద నడచువాడు గాని సైకిలువాడు గాని ఒక్కడును చావరాదని అందులో లక్ష్యములు పెట్టుకొనిరి. కాగితము మీద ఇంతకంటె మంచి మాట మరియొకటి ఉండదు. ఆ తరువాత కొన్ని వీధులలో కాలిబాటలు బాగుపడినవి. 2019లో త్యాగరాయనగరములోని పాండీ బజారును నడచువారికి అనుకూలముగా మార్చిరి. సైకిలు బాటల విషయములో అంత ఉత్సాహము కానరాదు.

అయినను మన చిక్కు వేరు. ఆ విధానము చెన్నై ఎల్లతో ఆగిపోవును. అంబత్తూరు 2011లో చెన్నైలో కలిసినది. ఆవడి కలియక 2019లో తానే ఒక నగరపాలక సంస్థ అయినది. పట్టాభిరామ్ ఆవడిలోనిది. సైకిలువాడు అంబత్తూరులో ఉన్నంత సేపు విధానము క్రింద ఉండి, ఎల్ల దాటగానే విధానము లేనివాడగుచున్నాడు! తిరునిన్రవూరు, వేప్పంపట్టు, తిరువళ్ళూరు, కనకమ్మసత్రము, తిరుత్తణి, ఈ దారి పొడవునను అడుగువాడు లేడు. చెన్నైకి ఉన్న విధానము ఆవడికి, తిరువళ్ళూరునకు, తిరుత్తణికి ఉండరాదా?

ఇప్పుడు మా ముఖ్య విషయమునకు వచ్చెదము. దేశములో రోడ్లకు కొలతలు నిర్ణయించు సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్. ఆ సంస్థ సైకిలు బాటలను గురించి 1962లోనే ఒక నియమావళి ప్రచురించినది. 2015లో దానిని సవరించిరి. 1962 నాటి నియమావళిలో ఒక లెక్క గలదు. గంటకు 100 నుండి 200 మోటారు వాహనములు పోవు దారిలో, రద్దీ వేళ గంటకు 400 సైకిళ్ళు పోవుచున్నచో వేరు బాట వేయవచ్చును. మోటారు వాహనములు గంటకు 200 మించినచో, సైకిళ్ళు 100 ఉన్నను వేరు బాట సమంజసమే. బాట వెడల్పు రెండు మీటర్లకు తక్కువ కారాదు. ఇది అరువది ఏండ్ల క్రిందట ఇంజనీర్లే వ్రాసికొన్న మాట.

పట్టాభిరామ్ రోడ్డు మీద గంటకు 200 మోటారు వాహనములా? కొన్ని నిమిషములలోనే అంతకు మించి పోవును. కనుక మిగిలినది ఒక్కటే ప్రశ్న. ఉదయము షిఫ్టు వేళ, బడి వేళ, గంటలో 100 సైకిళ్ళు పోవుచున్నవా లేదా? ఈ ప్రశ్నకు జవాబు ఏ కార్యాలయములోను దొరకదు. మనమే నిలబడి లెక్కింపవలెను. పడుగులో పోగులు లెక్కించు జాతి మనది. అచ్చులో ఒక పోగు తప్పినను కనిపెట్టువారికి రోడ్డు మీద సైకిళ్ళు లెక్కించుట కష్టమా?

లెక్క నూటికి తక్కువ వచ్చినచో ఏమి చేతురని ఒకరు అడిగిరి. అడుగవలసిన ప్రశ్నయే. తక్కువ వచ్చినను లెక్క లెక్కయే, దాచరాదు. అయితే ఒక సంగతి కూడ చేర్చి వ్రాయవలెను. వంతెన లేని ఏటిలో ఎందరు దిగుచున్నారని లెక్కించి వంతెన అక్కర లేదనరాదు. ప్రమాదమునకు భయపడి సైకిలు మూల పెట్టిన ఇండ్లు ఎన్నియో కూడ లెక్కలో చేరవలెను. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయిరి. వారిలో నాలుగు వేలకు పైగా సైకిలువారే. నడచిపోవువారు ముప్పది వేలకు పైబడినారు. ఈ అంకెలు కేంద్ర రవాణా శాఖవారు అచ్చు వేసినవే. చచ్చిన పిదప లెక్కకు వచ్చుచున్నారు గాని బ్రదికియున్నప్పుడు రావడము లేదు.

ఆడపిల్లల విషయము వేరుగా చెప్పవలెను. తమిళనాడు ప్రభుత్వము 2001–02 నుండి ఆరంభించి, మొదట షెడ్యూల్డు కులముల, తెగల బాలికలకు, తరువాత ప్రభుత్వ, ఎయిడెడు పాఠశాలలలో పదునొకండవ తరగతి చదువు పిల్లలకు ఉచితముగా సైకిళ్ళు ఇచ్చుచు వచ్చినది. ఇది మేము మెచ్చుకొను పథకము. మన ఇండ్లలో ఎందరో పిల్లలు ఈ సైకిళ్ళ మీదనే హైస్కూలు ముగించినారు. కాని ఇప్పుడు మన వీధులలో చూచినచో కొన్ని ఇండ్ల వసారాలో ఆ సైకిలు రాట్నము ప్రక్కన త్రుప్పు పట్టుచున్నది. అడిగినచో తల్లి చెప్పు మాట ఒక్కటే: “పెద్ద రోడ్డు దాటాల గదన్నా, బిడ్డను ఎట్ల పంపేది?” పిల్ల షేర్ ఆటోలో పోవుచున్నది. ఆటో డబ్బు లేనినాడు బడి మానుచున్నది. కండెలు చుట్టుటకు ఇంటిలో ఒక చేయి దొరికినదని తండ్రి ఊరకుండుచున్నాడు. సైకిలునకు సొమ్ము ఖర్చు చేసిన ప్రభుత్వము బాటకు చేయనందున మొదటి ఖర్చు కూడ సగము వ్యర్థమగుచున్నది.

సైకిలు ఆడవారికి ఏమి చేయగలదో ఈ రాష్ట్రమువారికి ఎవరును చెప్పనక్కర లేదు. 1990ల మొదట పుదుక్కోట్టై జిల్లాలో అరివొళి అక్షరాస్యతా ఉద్యమమువారు, అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ ప్రోత్సాహముతో, పల్లెటూరి స్త్రీలకు వేలకు వేలుగా సైకిలు నేర్పిరి. రాళ్ళ గనులలో పని చేయువారు, వ్యవసాయ కూలీలు, పల్లె నర్సులు నేర్చుకొనిరి. మగవారు మొదట నవ్విరి. కొంత కాలమునకు నవ్వు ఆగినది. నీళ్ళ బిందె, బిడ్డ, కూరగాయల గంప సైకిలు మీద ఎక్కినవి. మన ఆడవారు నూలు మూట ఎక్కించలేరా?

మా మాటకు ఎదురు మాటలు లేకపోలేదు. మొన్న సంఘములో ఈ ప్రస్తావన రాగా ఒక యువకుడు, “సెక్రటరీగారూ, సైకిలు మీద పొయ్యేవాడికి పిల్లను గూడ ఇయ్యరు” అన్నాడు. అందరు నవ్విరి. మాట అబద్ధము కాదు. 1980లో టి.వి.ఎస్. 50 వచ్చిన తరువాత మూటలు దాని మీదికి ఎక్కినవి. ఇప్పుడు పెండ్లి మాటలలో మోటారు బండి సంగతి తప్పక వచ్చుచున్నది. మోటారు బండి కొనగలిగినవాడు కొనుక్కొనవచ్చును, మేము వద్దనుట లేదు. కాని వాయిదాలు కట్టలేక ఆ బండినే పోగొట్టుకొన్నవారు మన వీధిలో ఉన్నారు. అట్టివాడు మరునాడు ఉదయము దేని మీద పోవలెను?

రోడ్డున చోటు లేదని అధికారులు చెప్పుదురు. ఈ రోడ్డును వెడల్పు చేయుటకు స్థలము తీసుకొను మాట ఎన్నో ఏండ్లుగా నలుగుచున్నది. వెడల్పు చేసినచోటనైనను ఆ స్థలము మోటారు వాహనములకు, వాటిని నిలుపుటకు పోవుచున్నది. రెండు ప్రక్కల కార్లు నిలిపియున్న రోడ్డును చూపి చోటు లేదనుట ఎట్లున్నదనగా, మగ్గము మీద మూటలు పేర్చి నేయుటకు చోటు లేదన్నట్లున్నది. ఇక అంగళ్ళవారు తమ బేరము చెడునని భయపడుదురు. సైకిలువాడు ఆగి కొనును, అరవై మైళ్ళ వేగమున పోవు కారువాడు ఆగడు. ఇది వారికి నిదానముగా చెప్పిన అర్థము కాగలదు.

సైకిలు బాటలు ధనిక దేశముల సోకు అనువారును ఉన్నారు. హాలండు దేశమును చూపి, వారికి పుట్టుకతోనే సైకిలు అందురు. అది సరి కాదు. అచ్చట కూడ యుద్ధము తరువాత కార్లు పెరిగి సైకిలును త్రోసివేసినవి. 1971లో ఒక్క సంవత్సరమున నాలుగు వందలకు పైగా పిల్లలు రోడ్ల మీద చనిపోయిరి. అప్పుడు తల్లిదండ్రులు బిడ్డలతో వీధిలోనికి వచ్చి, పిల్లలను చంపుట ఆపుడని కోరిరి. 1973లో పెట్రోలు కరువు కూడ వచ్చినది. బాటలు ఆ తరువాత వచ్చినవే. అడిగినందున వచ్చినవి.

మన తెలుగు ప్రాంతములో హైదరాబాదు సంగతి చూడుడు. అచ్చటి వెలుపలి వలయ రహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాట వేసి, దాని మీద సౌర విద్యుత్తు పలకలతో కప్పు కట్టి 2023 అక్టోబరు 1న ప్రారంభించిరి. చూచుటకు గొప్పగా ఉన్నది. ఉదయము వ్యాయామమునకు వచ్చువారికి నీడ, ప్రభుత్వమునకు కరెంటు. మేము దానిని తప్పు పట్టము. కాని నగరము వెలుపల, కారులో సైకిలు వేసుకొని వచ్చి తొక్కు బాట మనకు నమూనా కాదు. మనకు కప్పు అక్కర లేదు. ఇంటి నుండి సంఘమునకు, సంఘము నుండి రైలు స్టేషనుకు, బడికి, ఫ్యాక్టరీకి పోవు దారిలో రెండు మీటర్ల చోటు, లారీ ఎక్కకుండ జానెడు ఎత్తు గట్టు చాలును. కొట్టివేసిన చింతచెట్లకు బదులు చెట్లు పెట్టినచో నీడయు వచ్చును.

మరి కొన్ని చిన్న సంగతులు. ఇవి చిన్నవే గాని దినమూ బాధించునవి. రైలు గేట్ల మీద వంతెన కట్టినప్పుడు బరువు సైకిలువాడు దిగి త్రోసికొనుచు పోవుటకు ప్రక్కన వేరు దారి ఉండవలెను. ఎత్తు వంతెన మీద లారీతో సమముగా మూట సైకిలు ఎక్కజాలదు. పట్టాభిరామ్ నుండి తిరువళ్ళూరు దాకా లోకలు రైలు స్టేషన్లలో సైకిలు నిలుపుటకు కప్పు, తాళము వేయు కమ్మి కావలెను. మోటారు బండి రుసుమే సైకిలునకు వసూలు చేయరాదు. మెట్రో స్టేషన్ల నమూనాలోనే సైకిలు స్టాండు చేర్చవలెను. వలయ రహదారి ప్రక్క దారులలో రాత్రి దీపములు వెలుగవలెను. బడి మొదలగు వేళ, విడుచు వేళ, బడి ముందు లారీల వేగమునకు అడ్డు వేయవలెను. మన నేత వీధులను గురించియు ఒక మాట. తెల్లవారుజామున పడుగు సాచి గంజి పెట్టుటకు వీలుగా పూర్వులు పొడవుగా, సూటిగా విడిచిన వీధులివి. ఇప్పుడు పెద్ద రోడ్డు రద్దీ తప్పించుకొను మోటారు బండ్లు వీటిలో దూరి వేగముగా పోవుచున్నవి. పడుగు తీయుదుమా, బిడ్డలను తీయుదుమా అన్నట్లున్నది. ఆ వీధుల మొగన మోటారు బండ్ల వేగము తగ్గించు మెట్టలు వేయుట వార్డు సభ్యుని చేతిలోని పని. దానికి ఢిల్లీ దాకా పోనక్కర లేదు.

ఇక చేయవలసినది. ప్రతి ఊరిలోను సభ్యులు నలుగురు చేరి, పని దినములలో రెండు రోజులు, ఉదయము ఏడు నుండి తొమ్మిది వరకు, సాయంత్రము నాలుగు నుండి ఆరు వరకు రోడ్డు ప్రక్క భద్రమైన చోట నిలబడి లెక్క వేయవలెను. కాగితము మీద నాలుగు గళ్ళు గీయుడు: మగవారి సైకిళ్ళు, ఆడవారివి, బడిపిల్లలవి, బరువు వేసినవి. ఇద్దరు సైకిళ్ళు లెక్కింపగా ఇద్దరు మోటారు వాహనములు లెక్కింపవలెను. అర్ధగంటకొక గీత కొట్టుడు. అంకె పెంచి వ్రాయరాదు. ఒక్క తప్పు అంకె దొరికినచో మిగిలిన నిజమంతయు కొట్టివేతురు.

అర్జీని తమిళములో వ్రాయింపవలెను. 1960 ఏప్రిలు 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రములో కలిసిననాటి నుండి మన ఇండ్లలో తెలుగు, కచేరీలో తమిళము. ఇందులో చిన్నతనమేమియు లేదు. బడిలో తమిళము చదివిన మన పిల్లలే చక్కగా వ్రాయగలరు, వారిచేతనే వ్రాయించుడు. పట్టాభిరామ్, ఆవడివారు నగరపాలక సంస్థకును, రహదారుల శాఖకును ఇవ్వవలెను. పల్లెలవారు గ్రామసభలో తీర్మానము పెట్టవలెను. జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1, ఈ ఆరు దినములలో సభ జరుగును. నోటిమాట చాలదు, తీర్మానము పుస్తకములోనికి ఎక్కినదాకా కదలరాదు. తిరువళ్ళూరు కలెక్టరు కచేరీలో సోమవారము నాడు జరుగు విన్నపముల దినమున అందరి లెక్కలను చేర్చి ఒకే అర్జీగా ఇచ్చుటకు మేము సిద్ధముగా ఉన్నాము. మరమగ్గములవారిని, ఫ్యాక్టరీ పనివారిని, ఇతర కులములవారిని కూడ కలుపుకొనుడు. రోడ్డు మీద సైకిలువాని కులము లారీకి తెలియదు.

గళ్ళు గీసిన కాగితములు సంఘ కార్యాలయములో దొరకును. పెన్సిలు కూడ ఇచ్చెదము. వాన పడిననాడు లెక్క వేయవద్దు, సైకిళ్ళు తక్కువ వచ్చును. పండుగనాడు, బడికి సెలవునాడు కూడ వద్దు. నిండిన కాగితముల మీద ఊరి పేరు, చోటు, తేదీ, లెక్కించినవారి సంతకములు ఉండవలెను. వచ్చే నెల కార్యవర్గ సమావేశమునకు ముందుగా చేర్చినచో, ఏ ఊరి లెక్క ఎంత వచ్చినదో తరువాతి సంచికలో ప్రకటించెదము.